నాలుగు, నాలుగు, రెండు

మా ఇంట్లో ఒక మందుల డబ్బా ఉంది. పూర్వజన్మలో అది బిస్కట్ల డబ్బా. మూతమీది గులాబీపూల బొమ్మ ఇప్పటికీ సగం కనిపిస్తూనే ఉంటుంది. అందులో ఏమేమున్నాయో మా ఆవిడకు తెలుసునని నేనూ, నాకు తెలుసునని మా ఆవిడా నమ్ముకుని ముప్ఫయ్యేళ్లకు పైగా నిశ్చింతగా కాపురం చేస్తున్నాం. ఎవరి దగ్గుకో తెచ్చిన సగం సీసా, ఎవరి కంటికో వేసిన చుక్కల మందు, పేరున్న ముక్కనే ముందుగా చింపేసుకున్న మాత్రల అట్టలు... వీటన్నిటి సంగతీ ఆ భద్రాద్రి రాముడికే ఎరుక.

మొన్న సెలవులకు మనవరాలు వచ్చింది. నర్సింగు చదువుతోంది. వచ్చిన మర్నాడే డబ్బా నేలమీద బోర్లించి కూర్చుంది. ముక్కాలు భాగం చెత్తబుట్టలోకి పోయింది. అడ్డుపడబోయిన నన్ను చూసి, "తాతయ్యా, మందు ఇచ్చేటప్పుడు అయిదు సరిచూసుకోవాలి, నీకు తెలుసా?" అంది.

నలభై ఏళ్లు పంతులుగిరీ వెలగబెట్టినవాణ్ణి. తెలియదని ఎలా చెప్పను? నువ్వే చెప్పు అన్నాను.

"సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన వేళకి. నర్సుకి మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు."

నేను మాట్లాడలేదు. ఈ అయిదింటినీ నేనూ ఒకసారి నేర్చుకున్నాను. పుస్తకంలో కాదు. వానాకాలంలో, వాగవతల, ఒక రాత్రికీ మర్నాటి మధ్యాహ్నానికీ మధ్య నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆ జ్వరాన్ని గురించి చెప్పాలి. ఆ జ్వరానికి రాముడి గుడికున్నంత కాకపోయినా తగినంత చరిత్ర ఉంది.

భద్రాచలం పేరు చెబితే బయటివాళ్లకు కల్యాణం గుర్తొస్తుంది, రామదాసు గుర్తొస్తాడు. ఆ తాలూకాలో ఉద్యోగం చేసినవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది చలిజ్వరం. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం వైపు అడవి, కొండవాగులు, వాగు పక్కనే ఊళ్లు. మెల్లగా పారే తేటనీటిలోనే గుడ్లు పెట్టే దోమజాతి ఒకటుంది. మురికిగుంట దోమలను తిట్టుకునే పట్నవాసులకు ఈ మాట వింతగా ఉంటుంది గాని, ఆ అందమైన సెలయేటి ఒడ్డే జ్వరానికి పుట్టిల్లు. ఏజెన్సీకి బదిలీ అంటే ఉద్యోగిని శిక్షించారనే అర్థం. బదిలీ కాగితంతోపాటు కొయినా పొట్లం కూడా కట్టుకోమని చెప్పేవారు మా పెద్దలు. క్వినైనును వాళ్లు 'కొయినా' అనేవారు.

దుమ్ముగూడెం వెళ్లినవాళ్లు అక్కడి పాత ఆనకట్ట చూసే ఉంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాటన్ దొరకు గోదావరి పొడుగునా పడవలు నడిపించి నాగపూరు వైపు పత్తిని సముద్రానికి దించాలని మరో కోరిక పుట్టింది. మధ్యలో రాళ్ల మెట్లు మూడుచోట్ల అడ్డం. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. హేగ్ అనే ఇంజనీరు 1860లలో అక్కడ మకాం వేసి లాకులు, కాలవ, ఆనకట్ట కట్టించాడు. రాయి లొంగింది గాని జ్వరం లొంగలేదు. మన్యపు జ్వరం పనివాళ్లనూ దొరలనూ ఒకే చాపమీద పడుకోబెట్టింది. ఖర్చు పెరిగిపోయి 1871లో ఆ పని ఆపేశారు. జ్వరమొక్కటే కారణమనను, లెక్కల్లో నష్టం కూడా ఉంది. కాని ఆ నష్టం లెక్కల్లో జ్వరం పద్దు కూడా ఉంది. రంప పితూరీలను అణచడానికి మన్యంలోకి వచ్చిన పటాలాలకు కూడా ఈ అనుభవం దక్కింది.

అసలు ఈ తాలూకా తలరాతే అంత. 1860లో నైజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చి మధ్యపరగణాల్లో కలిసింది. 1874లో మద్రాసు రాష్ట్రానికి, గోదావరి జిల్లాకు మారింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో మిగిలింది ఖమ్మం నుంచి విడిపోయింది. ఇన్ని సరిహద్దులు మారినా దోమ మాత్రం బదిలీ కోరుకోలేదు.

ఇక మందు సంగతి. దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడులోంచి క్వినైనును 1820లో ఇద్దరు ఫ్రెంచివాళ్లు విడదీశారు. 1860 ప్రాంతంలో మార్ఖం అనే ఇంగ్లీషువాడు ఆ గింజల్నీ మొక్కల్నీ తెచ్చి మన నీలగిరుల్లో నాటించాడు. ఆ తోటల్లో పనిచేసినవాళ్లలో చీనా ఖైదీలున్నారంటే మీరు నమ్మాలి. దక్షిణ అమెరికా బెరడు, ఇంగ్లీషు దొర, చీనా ఖైదీ, తమిళ కొండ - ఇందరి చేతులు పడితేగాని కోయగూడెంలో ఒక మనిషి వణుకు ఆగదు!

ఆగిందా అంటే, అదే కథ. మందు తయారైంది, ఊళ్లకు చేర్చడం ఎలా? బెంగాలులో 1892లో ఒక ఉపాయం పట్టారు. క్వినైనును చిన్న పొట్లాలు కట్టి పోస్టాఫీసుల్లో పైసాకొకటి చొప్పున అమ్మించారు. పైసా అంటే అణాలో నాలుగోవంతు, మన పెద్దల 'కానీ'. ఆ పద్ధతే తరవాత మిగతా రాష్ట్రాలకూ పాకింది. పోస్టుకార్డు ఎంతదూరం పోతుందో మందూ అంతదూరం పోతుందన్నమాట. గొప్ప ఆలోచనే. నాకా పోస్టుమాస్టర్లమీద గౌరవమే తప్ప కోపం లేదు. కాని పోస్టుమాస్టరు స్టాంపు అమ్మినట్టే పొట్లమూ అమ్ముతాడు గదా. ఎంత వేసుకోవాలి, ఎన్నాళ్లు వేసుకోవాలి, చెవుల్లో గుయ్యిమంటే భయపడాలా వద్దా, కడుపుతో ఉన్న పిల్లకు ఇవ్వొచ్చా - ఇవి అతన్ని అడిగేదెవరు? అడిగితే చెప్పేదెవరు? క్వినైను వారం రోజులు రోజుకు మూడుసార్లు పడాలి. విషమంత చేదు. మూడోనాటికి వణుకు తగ్గి, చెవుల్లో తుమ్మెదలు మొదలయ్యేసరికి, "ఇక చాల్లే, ఇది మందు కాదు భూతం" అని మిగిలింది చూరులో దోపేవారు. మళ్లీ జ్వరమొస్తే చూరు తడుముకోవడం. వాన చెమ్మకు మెత్తబడ్డ ఆ పొడిలో ఎంత సారముండేదో ఏమో!

జ్వరం దోమ మోసుకొస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆయన పేరు అందరికీ తెలుసు. దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్న హుసేన్ ఖాన్ అనే రోగి పేరు ఎందరికి తెలుసు? దోమకాటుకు అణా చొప్పున ఇచ్చారట. వైద్యశాస్త్రం చేసిన చవక బేరాల్లో అదొకటి.

మందుంది, కారణం తెలిసింది. మధ్యలో మనిషి లేడు. 1946లో భోర్ కమిటీవారు దేశంలో నర్సులెందరని లెక్క తీస్తే, నలభైమూడువేల జనానికి ఒక నర్సు తేలింది. అదీ పట్నాల ఆసుపత్రులను కలుపుకుని. భద్రాచలం అడవికి ఆ లెక్కలో వచ్చే వాటా ఏపాటిదో ఊహించుకోండి. అంతమంది పూర్తి చదువు నర్సులను తయారుచేసేదాకా ఆగలేక 1950 తరవాత తక్కువ కాలం చదువుతో సహాయ నర్సు-మంత్రసానులను తయారుచెయ్యడం మొదలుపెట్టారు. వాళ్లనే మనం ఏఎన్నెం అంటాం. పురుడు పొయ్యడం, టీకా వెయ్యడం వాళ్ల పని అని కాగితాల్లో రాశారు. మందును గురించి మాట చెప్పడం కూడా వాళ్ల పనేనని ఎక్కడో రాసే ఉంటారు గాని, ఆ మాటకు జీతంలో పద్దు లేదు.

నా చిన్నతనంలో మాకు తెలిసింది మాత్రం మలేరియా మేస్త్రీ. పదిహేను రోజులకోసారి వచ్చి తలుపు పక్క గోడమీద అచ్చు వేసిన గళ్లలో తారీకు రాసి సంతకం పెట్టి పోయేవాడు. జ్వరమన్నవాళ్ల వేలు గుచ్చి గాజుపలక మీద రక్తపు చుక్క తీసేవాడు. చుక్క సంగతి తేలేలోపల నాలుగు క్లోరోక్విన్ మాత్రలు చేతిలో పెట్టేవాడు. ఇంకోడు డీడీటీ కొట్టి పోయేవాడు. తెల్లటి గోడలు చూసి మా అమ్మ ఏడ్చేది. నిజం చెప్పాలంటే ఆ తెల్లటి గోడలు చాలా ప్రాణాలు కాపాడాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా, ఎనిమిది లక్షల చావులు అని అంచనా. 1953లో అదుపు పథకం, 1958లో నిర్మూలన పథకం వచ్చాయి. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇంకేం, పోయిందనుకున్నాం. గోడమీద గళ్లు ఖాళీగా ఉండటం మొదలైంది. దోమలకు డీడీటీ అలవాటైపోయింది. 1976లో మళ్లీ అరవైనాలుగు లక్షల కేసులు! పోయిన చుట్టం సామానుతో సహా తిరిగొచ్చినట్టయింది.

నేను ఆ సరిహద్దు ఊళ్లో ఆశ్రమ పాఠశాలకు పంతులుగా వెళ్లేసరికి ఆ చుట్టం స్థిరపడిపోయి ఉంది. ఊరి పేరెందుకు లెండి. ఛత్తీస్‌గఢ్ ఇంకా పుట్టలేదు, వాగు దాటితే మధ్యప్రదేశే. సబ్ సెంటరులో ఒక సిస్టరమ్మ ఉండేది. ఖమ్మం వైపు మనిషి. వచ్చిన రెండేళ్లలో కోయభాష పట్టేసింది. ఆమె మందు ఇచ్చే తీరు చూసి మొదట్లో నాకు నవ్వొచ్చేది. మాత్ర చేతిలో పెట్టి ఊరుకోదు. "ఏం తిన్నావు?" అని అడుగుతుంది. తినకపోతే గంజి తాగి రమ్మంటుంది. మొదటి మోతాదు తన ఎదుటే మింగాలి. మింగాక అరగంట అరుగుమీద కూర్చోవాలి, వాంతి అవుతుందేమో చూడటానికి. చివర్న అసలు పరీక్ష: "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు, రేపెన్ని? ఎల్లుండెన్ని?" సరిగా చెప్పేదాకా వదలదు. బళ్లో ఎక్కం అప్పజెప్పించుకునే నాకంటే ఆమే కఠినం.

1996 వానాకాలంలో నాకూ జ్వరం వచ్చింది. పది మాత్రలు కాగితంలో కట్టి ఇచ్చి, "నాలుగు, నాలుగు, రెండు. అన్నం తిన్నాక. చెప్పండి సారూ" అంది.

"నాకే అప్పజెప్పమంటావా?" అన్నాను.

"డాక్టరుగారికి జ్వరమొచ్చినా అప్పజెప్పిస్తాను."

నాలుగు, నాలుగు, రెండు అని అప్పజెప్పాను. మొదటిరోజు నాలుగు వేసుకున్నాను. రెండోరోజు నాలుగు. మూడోరోజు పొద్దున ఒళ్లు తేలిగ్గా ఉంది, ఆకలి వేసింది, నోరు చేదు. చదువుకున్నవాణ్ణి గదా, చూరులో దోపలేదు. కాగితం మడిచి డబ్బాలో పెట్టాను. ఇదే డబ్బా.

నెల తిరిగింది. ఒకరాత్రి వసతిగృహంలో ఎనిమిదేళ్ల పిల్లాడికి జ్వరం. వణికిపోతున్నాడు. కరెంటు లేదు. వాన. వాగు పొంగి సబ్ సెంటరుకు దారి లేదు. వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. నాకు రెండు మాత్రలు గుర్తొచ్చాయి. లాంతరు వెలుగులో డబ్బా మూత తీసి పొట్లం తీసుకుని వెళ్లాను. పిల్లాడి చేత రెండూ మింగించాను. ఏదో ఘనకార్యం చేసినవాడిలా వచ్చి పడుకున్నాను. రాత్రి వాంతి చేసుకున్నాడని తెల్లవారాక తెలిసింది.

వాగు తగ్గాక సిస్టరమ్మ తనే వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. అడిగింది.

"ఏం మాత్రలు సారూ?"

"నువ్విచ్చినవే. క్లోరోక్విన్."

"అట్ట చూపించండి."

అట్టేదీ? విడి మాత్రలు.

"రాత్రి వాడేమైనా తిన్నాడా?"

తెలియదు.

"ఎన్నింటికి వేశారు?"

పిల్లలకు గడియారం చూడటం నేర్పేవాణ్ణి. తెలియదు.

"వాంతి ఎంతసేపటికయింది? అరగంటలోపలా, తరవాతా?"

వాచ్‌మన్ వెంటనే అన్నాడు. పక్క మంచంమీది పిల్లాడు చాలాసేపటికి అన్నాడు.

"ఇంట్లో ఇలాంటివే తెల్లటి మాత్రలు ఇంకేమైనా ఉన్నాయా సారూ?"

ఆ మాటకు నా గుండె జారింది. ఉన్నాయి. మా అమ్మ షుగరు మాత్రలు. భద్రాచలంలో కొన్నవి, అవీ తెల్లవే, అవీ కాగితం పొట్లంలోనే, అదే డబ్బాలో. లాంతరు వెలుగులో నేను తీసింది ఏ పొట్లం?

షుగరు మాత్ర షుగరు లేని పిల్లాడి కడుపులో పడితే ఏమవుతుందో నాకప్పుడు తెలియదు. ఆమెకు తెలుసు. రక్తంలో చక్కెర పడిపోతుంది. పిల్లాడు మగతలోకి జారి, జ్వరం మగతే అనుకుంటుండగానే ప్రాణం పోవచ్చు. ఆమె లెక్క తేలేదాకా ఆగలేదు. ముందు వంటగదిలోంచి పంచదార తెప్పించి నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించింది. నోట్లో మాత్ర ఎలా ఉందిరా అని కోయలో అడిగింది. వాడు మొహం చిట్లించి నాలుక బయటపెట్టాడు. చేదట. ఆ చేదు నాకు అమృతంలా వినిపించింది. ఆమె మాత్రం తల ఊపి, "జ్వరంలో నీళ్లూ చేదే సారూ. డబ్బా తెండి" అంది.

మా అమ్మ పొట్లం మీద పొద్దు బొమ్మ ఒకటి, పక్కన '5వ తారీకు - 30' అని రాసి ఉంది. ఆ రాత సిస్టరమ్మదే. ఏదో పనిమీద మా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మకు చదువు రాదని తెలుసుకుని, పొద్దున ఒకటి అని గుర్తుకు సూర్యుణ్ణి గీసి, ఏనాడు ఎన్ని ఉన్నాయో రాసి పోయింది. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఆరోజు ఇరవయ్యో తారీకు. అమ్మ ఆ పొద్దున ఇంకా వేసుకోలేదు.

"ఒక్కపూటన్నా మానావా పెద్దమ్మా?"

"నువ్వు సూర్యుణ్ణి గీసిస్తే మానుతానా తల్లీ?"

అయిదు నుంచి పంతొమ్మిది దాకా పదిహేను. పదిహేను మిగలాలి. పళ్లెంలో పోసి రెండుసార్లు లెక్కపెట్టింది. పదిహేనున్నాయి.

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆమె కూర్చోలేదు. పిల్లాడి రక్తపు చుక్క తీసింది. మళ్లీ మాత్ర వెయ్యమని నేనే అడిగాను. "రాత్రిది ఎంత లోపలికి పోయిందో తెలియదు. తెలియనిదాని మీద నేను వెయ్యను. డాక్టరుగారు చూడాలి" అని ఒక చీటీ రాసింది. పిల్లాణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఎనిమిది కిలోమీటర్లు బురదలో తోసుకుంటూ వెళ్లాం, వాచ్‌మనూ నేనూ. దారిలో చీటీ చదివాను. 'మాత్రలు - రెండు. పేరు - క్లోరోక్విన్ అయి ఉండవచ్చు. వేసిన వేళ - తెలియదు. తిండి - తెలియదు. వాంతి - అయింది, ఎంతసేపటికో తెలియదు. పంచదార నీళ్లు ఇచ్చాను.' ఆ మూడు తెలియదులూ నావే. నా పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.

పిల్లాడు బతికి బాగుపడ్డాడు. మనవరాలు చెప్పిన అయిదింటిలో ఆ రాత్రి నేను పాటించింది ఒక్కటే. నోట్లో వెయ్యాల్సిన మందు నోట్లోనే వేశాను.

ఇదంతా ఒక పంతులు తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. ఈ 'చెప్పే మాట' లేకుండా పని జరిపించేయాలని పెద్దపెద్దవాళ్లే చూశారు. బ్రెజిల్‌లో 1950లలో పినోటి అనే డాక్టరు క్లోరోక్విన్‌ను ఉప్పులో కలిపి పంచమన్నాడు. ఉప్పు తినని మనిషి లేడు గదా, ఇక ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. కాంబోడియాలోనూ చేశారు. ఎవరెంత ఉప్పు తింటారో వాళ్లకంత మందు! అరకొర మందు ఒంట్లో ఉంటే జ్వరపు క్రిమి చావదు, నేర్చుకుంటుంది. క్లోరోక్విన్‌కు లొంగని మలేరియా తలెత్తడానికి ఈ ఉప్పు కూడా ఒక కారణమని తరవాత గ్రహించారు. మన దేశంలో ఆ మొండి మలేరియా మొదట 1973లో అస్సాంలో బయటపడింది. నా డబ్బాలో మిగిలిన రెండు మాత్రలు కూడా ఆ క్రిమి చదువుకు నేనిచ్చిన చందాయే.

దీనికి ఎదురు ఉదాహరణ మన పక్కనే ఉంది. 1956 నుంచి మద్రాసులో క్షయరోగుల మీద ఒక పరిశోధన చేశారు. దాదాపు రెండువందల మందిలో సగంమందిని ఆసుపత్రిలో పెట్టి, సగంమందిని వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచి, అవే మందులిచ్చారు. ఇంటి దగ్గరున్నవాళ్లకూ దాదాపు అంత బాగానూ నయమైందని 1959లో ప్రకటించేసరికి లోకమంతా ఆశ్చర్యపోయింది. మంచి గాలి, మంచి తిండి, ఆసుపత్రి మంచం లేకుండానే! కాని ఊరికే నయం కాలేదు. చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవారు. మూత్రం పరీక్షించి మందు ఒంట్లో పడిందో లేదో చూసేవారు. తరవాత ప్రపంచమంతా పాకిన 'ఎదుటే మింగించే' క్షయ వైద్యానికి బీజాల్లో అదొకటి. మా సిస్టరమ్మ పళ్లెంలో మాత్రలు లెక్కపెట్టడం ఆ వంశంలోదే.

ఆమె ఇంకో మాట కూడా తప్పకుండా చెప్పేది. మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా ఇచ్చే ప్రిమాక్విన్ అనే మాత్ర ఉంది. "ఇది వేసుకున్నాక మూత్రం నల్లగా వస్తే ఆపేసి నా దగ్గరకు పరుగెత్తుకు రా" అనేది. కడుపుతో ఉన్నవాళ్లకు, చంటిపిల్లలకు అసలు ఇచ్చేది కాదు. కారణం చెప్పడానికి ఆమెకు టైము ఉండేది కాదు. నేను తరవాత చదివి తెలుసుకున్నాను. కొందరి రక్తకణాల్లో పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువ. వాళ్లకు ఈ మందు పడితే కణాలు పగిలిపోతాయి. దాన్ని 1956లో అమెరికాలో తేల్చారు. ఆ లోపం మలేరియా చిరకాలంగా ఉన్నచోట, మన గిరిజన తెగల్లో కొన్నింటిలో, ఎక్కువగా కనిపిస్తుంది. అంటే మందు ఎవరికి ఎక్కువ అవసరమో, అపాయమూ వాళ్లలోనే ఎక్కువ. పోస్టాఫీసు పొట్లానికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

2005 తరవాత ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే ఊరి కోడళ్లు. వేలు గుచ్చి పట్టీమీద చుక్క వేస్తే కాసేపట్లో గీతలు పడి జ్వరమేమిటో తేలిపోతుంది. 2010లో మెదడుకెక్కే ఫాల్సిపారం మలేరియాకు దేశమంతటా క్లోరోక్విన్ మానేసి ఆర్టిమిసినిన్ జాతి మందు కలిపిన జోడు మందులు పెట్టారు. చీనావాళ్ల పాత వైద్యగ్రంథంలోని ఒక మొక్కను పట్టుకుని తు యుయు అనే ఆమె 1970లలో తీసిన మందు అది. 2015లో ఆమెకు నోబెల్ ఇచ్చారు. నాకు మాత్రం ఆ మందుకంటే దాని అట్టలు ముచ్చటగా తోచాయి. ఏడాదిలోపు పిల్లలకు గులాబీ రంగు. నాలుగేళ్లదాకా పసుపు. ఎనిమిదిదాకా ఆకుపచ్చ. పద్నాలుగుదాకా ఎరుపు. ఆపైన తెలుపు. మొదటిరోజు రెండు రకాలు, తరవాత రెండురోజులు ఒకే రకం. చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది. ఈ ఉపాయం ఎవరిదో గాని, పొట్లం మీద పొద్దును గీసిన చేతికి అది దగ్గర చుట్టం.

రంగుంది గదా, ఇక మాటక్కర్లేదా? సరిహద్దు అవతలి గొడవలకు 2005 తరవాత అడవి దాటి వచ్చిన గొత్తికోయల గూడేల్లో వయసెంత అని అడిగితే ఏళ్ల లెక్క చెప్పేవాళ్లు తక్కువ. ఎవరికి ఆకుపచ్చ, ఎవరికి ఎరుపు? పిల్లాణ్ణి నిలబెట్టి చూసి, పళ్లు చూసి, తల్లితో మాట్లాడి తేల్చాలి. మళ్లీ మనిషే కావాలి, మళ్లీ ఆ భాషే కావాలి.

చదువుకున్నవాళ్లం మనమేమైనా తక్కువ తిన్నామా? 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు క్లోరోక్విన్‌కు చెల్లెలు వరసయ్యే మాత్రకోసం పట్నాల్లో మందుల షాపుల ముందు ఎగబడ్డాం. ఎవరూ వేళ అడగలేదు, తిండి అడగలేదు, గుండెజబ్బుందా అని అడగలేదు. కీళ్లవాతానికి రోజూ ఆ మాత్రే వేసుకునే మా వీధి ఆవిడ దొరక్క నానా అవస్థా పడింది. మా ఆవిడ కూడా ఒక అట్ట తెప్పించి డబ్బాలో వేసింది. మొన్న చెత్తబుట్టలోకి పోయినవాటిలో అదొకటి.

మనవరాలు డబ్బా తుడిచి, మిగిలిన నాలుగు అట్టలూ పేర్లు పైకి కనబడేట్టు పేర్చింది. అడుగున ఒక పాత కాగితం అంటుకుని ఉంటే గోటితో గీకి తీసింది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. మాత్రలేమీ లేవు. రాత చెరిగిపోయింది. పొద్దు బొమ్మ మాత్రం ఇంకా కనిపిస్తోంది, చుట్టూ కిరణాలతో.

"ఇదేంటి తాతయ్యా, పారెయ్యనా?" అంది.

ఇటివ్వమన్నాను.